ఏ పంపుకూ సరిపోని రింగు

ఆ ఎండాకాలం మా అంగట్లో, మామగారి గద్దె వెనక మేకుకి వేలాడిన రింగు ఏ పంపుదో సౌకార్‌పేట మొత్తంలో ఎవరూ చెప్పలేకపోయారు. చెప్పగలిగినవాళ్ళం ఇద్దరమే. ఒకరు మా ఆయన, ఆయన చెప్పరు. రెండోదాన్ని నేను, నేను రెండో అంతస్తులో ఉన్నాను.

తొంభైమూడో సంవత్సరం అది. మద్రాసులో మనిషికి మనిషి ఎదురైతే "బాగున్నారా" అనడం మానేసి "మీ వీధికి లారీ వచ్చిందా" అని అడిగే రోజులు. నాకు ప్రియ పుట్టి అయిదో నెల. పుట్టింటి నుంచి అత్తగారింటికి వచ్చాక ఏదో తేడాగా ఉండేది. సాయంత్రమయ్యేసరికి లోపల కోడిగుడ్డంత బరువు కిందికి దిగి కూర్చునేది. పడుకుంటే వెనక్కి పోయేది, లేస్తే మళ్ళీ వచ్చేది. ఒకరోజు స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. తగలకూడనిది.

"గర్భసంచి కాస్త కిందికి దిగిందమ్మా," అంది డాక్టర్ హేమమాలిని, చేతి తొడుగులు విప్పుతూ. పాలు కాస్త విరిగాయన్నంత మామూలుగా అంది.

నేను బి.ఎస్సీ. జువాలజీ. కుందేలు గర్భాశయాన్ని రంగు పెన్సిళ్ళతో వేసి, బాణం గుర్తులు పెట్టి, మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. నాది ఎక్కడుండాలో, ఎక్కడుందో తెలుసుకోవడానికి మాత్రం ఇంతకాలం పట్టింది.

"ఎందుకు దిగింది డాక్టర్?"

"పట్టి ఉంచే కండరాలు సాగిపోయినాయి. బిడ్డ పెద్దది, చానాసేపు ముక్కినావు. చానామందికి అయ్యేదే, ఎవరూ బయటికి చెప్పరు. ఆపరేషన్ ఇప్పుడొద్దు, చిన్నదానివి. రింగు వేస్తా."

తెల్లగా, గాజు అంత ఉంది రింగు. వేళ్ళతో నొక్కితే కోలగా అయి, వదిలితే మళ్ళీ గుండ్రంగా అయింది. వేశాక నన్ను నడవమంది, దగ్గమంది, గొంతుక్కూర్చోమంది.

"ఏమైనా తెలుస్తా ఉందా?"

"లేదు."

"తెలియకపోతే సరిగ్గా కూచున్నట్టు. వారానికో రాత్రి తీసి, సబ్బుతో కడిగి, ఆరబెట్టి, పొద్దున పెట్టుకో. మూణ్ణెల్లకోసారి నాకు చూపించు. ఒంటికి పోకుండా బిగబట్టుకుంటాం చూడు, అట్ట బిగించి వదలాల, రోజూ. అదే ఎక్సర్‌సైజు. బరువులు ఎత్తకూడదు. బిందెలైతే అసలే వద్దు."

"మాది సౌకార్‌పేట డాక్టర్, లారీ నీళ్ళే," అన్నాను.

ఆమెకు అర్థమైంది. "ఇంట్లో చెప్పు," అంది.

ఇంట్లో చెప్పే పని మా ఆయన వెంకట్రామ్ ఆటోలోనే నెత్తిన వేసుకున్నారు. "అమ్మకు నేను చెప్తాలే. మంచి సమయం చూసి," అన్నారు. ఆయన మాట తప్పే మనిషి కాదు. ఆ ఎండాకాలం మొత్తంలో మంచి సమయం రాలేదు, అంతే.

మా ఇల్లు కింద అంగడి, మొదటి అంతస్తులో సరుకు, రెండో అంతస్తులో మనుషులు. రబ్బరు రింగుల హోల్‌సేల్ వ్యాపారం. పంపు వాషర్లు, కుక్కరు గ్యాస్కెట్లు, మిక్సీ జారు మూత రింగులు. అంబత్తూరులో అచ్చు పోసినవి గోనెసంచుల్లో వచ్చేవి. అచ్చులోంచి వచ్చిన రింగుకి అంచున సన్నటి పొర అంటుకుని ఉంటుంది. దాన్ని బ్లేడుతో కోసి, డజను చొప్పున పురికొసకు గుచ్చి కట్టాలి. అది ఆడవాళ్ళ పని. మధ్యాహ్నం వంటిల్లు సర్దాక అత్తగారు మంగళమ్మ, తోడికోడలు కోకిలక్క, నేను చాప పరుచుకుని కూర్చునేవాళ్ళం. మా ఇంట్లో పసిబిడ్డ కూడా రబ్బరు వాసన వేసేది.

అయితే అంత పని చేసినా అంగట్లోకి మేము పోకూడదు. మెట్ల కింద తలుపుకి ఒక గొలుసు ఉండేది. తలుపు వెనక నిలబడి దాన్ని ఆడించాలి. ఒకసారి ఆడిస్తే కాఫీ సిద్ధం, రెండుసార్లు ఆడిస్తే భోజనం. అంతకు మించి మాకు చెప్పేదేమీ ఉండదని పెద్దల నమ్మకం.

నీళ్ళు మాత్రం మేమే మొయ్యాలి. మా వీధిలో మగవాడు బిందె ఎత్తితే ఇంట్లో ఎవరో పోయారనుకుంటారు. లారీ మలుపు తిరిగిందన్న కేక వినపడగానే ఆడవాళ్ళంతా ప్లాస్టిక్ బిందెలతో మెట్లు దిగి పరుగు. పట్టుకుని, మళ్ళీ ఆ చీకటి మెట్లన్నీ ఎక్కి పైకి.

"పత్యం దినాలు అయిపోయినాయి," అంది అత్తగారు, నేను వచ్చిన వారానికే. "నీళ్ళు మోస్తేనే బాలింత నడుం బిగుసుకునేది. పడుకునేకొద్దీ ఒళ్ళు వదులైపోతుంది. నేను ముగ్గుర్ని కన్నా, మూడో నెలకంతా బావి కాడ ఉన్నా."

డాక్టరు చెప్పిన ఎక్సర్‌సైజుకి నేను ఎంచుకున్న సమయం అదే. అత్తగారు ఉపదేశం మొదలుపెట్టగానే బిగించడం, ఆపగానే వదలడం. అప్పుడు నా ముఖంలో ఏదో ఏకాగ్రత కనిపించేదనుకుంటాను. "చిన్న కోడలు చెప్తే వింటుంది," అని పక్కింట్లో చెప్పుకుంది.

నేను బిందె సగమే నింపేదాన్ని. కోకిలక్క రెండు నిండు బిందెలు, ఒకటి చంకన, ఒకటి చేత్తో, నా వెనకే నన్ను తరుముతున్నట్టు ఎక్కేది.

"ఏం వాసంతీ, బిందెకు గూడా పత్యమేనా? సగమే తింటా ఉండాది."

"నిండితే తొణుకుతుందక్కా. మెట్లమీద ఒక చుక్క పడిందంటే అత్తకు ప్రాణం పోతుంది."

"ఆమా, ఆమా. అత్త ప్రాణం నీ చేతిలోనే గదా ఉండేది."

రింగు ఉన్నంతకాలం సగం బిందెతో ఎలాగో నెట్టుకొచ్చాను. చిక్కల్లా కడిగిన రాత్రి దాన్ని ఎక్కడ ఆరబెట్టాలన్నదే. అంతస్తు మొత్తానికి ఒక స్నానాలగది, ఎవరి బీరువా తాళాలైనా అత్తగారి బొడ్లోనే. అప్పుడు నాకొక తెలివి పుట్టింది. రింగుల ఇంట్లో రింగు దాచడానికి చోటు వెతకడమెందుకు? పైన మేము పని చేసే గది తలుపు వెనక మేకులకి కట్టిన గుత్తులు వేలాడుతుంటాయి. మిక్సీ రింగుల గుత్తి ఒకటి విప్పి, మధ్యలో దీన్ని గుచ్చి, మళ్ళీ కట్టేశాను. తెల్లవారి తీసేసుకున్నాను. వారాల తరబడి అలాగే గడిచింది. నా తెలివికి నేనే మురిసిపోయి, ఒకసారి గుత్తిని ఎదురుగా పెట్టుకుని అత్తగారితో కాఫీ కూడా తాగాను.

ఒక శనివారం పొద్దున పోయి చూస్తే మేకులన్నీ బోసిగా ఉన్నాయి.

"మామ అడిగినారని గుత్తులన్నీ కిందికి పంపేసినా," అంది కోకిలక్క. "నీ వంతు పని గూడా నేనే చేసినా. సంతోషించు."

మా మామగారు దేవరాజులు చెట్టిగారికి రింగులు చూడక్కర్లేదు. కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి ఏ కంపెనీ, ఏ సైజు, ఏ అచ్చు అని చెప్పేవారు. డజనులో పదమూడోదాన్ని ఆయన వేళ్ళు వెంటనే పట్టేశాయి. మధ్యాహ్నం భోజనానికి వస్తూ దాన్ని చొక్కా జేబులో వేసుకొచ్చి, విస్తరి పక్కన పెట్టారు.

"ఇట్టాంటి పని నా జన్మలో చూడలా. అతుకు లేదు, పొర లేదు. మనకెట్ట వచ్చిందో, ఏ పంపుదో తెలియడంలా."

"తినే కాడ సరుకేంది, తీయండి," అంది అత్తగారు.

నేను ఆయనకు చారు పోస్తున్నాను. ఒక్క బొట్టు పక్కకి పడకుండా పోశాను. ఆ సంవత్సరం నేను సాధించినవాటిలో అదొకటి. మా ఆయన మాత్రం రింగుకేసి చూసి, నాకేసి చూసి, మజ్జిగ అడిగారు. అప్పటికింకా సాంబారన్నంలోనే ఉన్నారు.

ఆ సాయంత్రం నుంచి అది గద్దె వెనక మేకుకి ఎక్కింది. వచ్చిన ప్రతి బేరగాడికీ మామగారు చూపించేవారు. ఒకడు సబ్‌మెర్సిబుల్ పంపుదన్నాడు. ఒకడు పాత స్కూటరుదన్నాడు. పాలడబ్బా మూతదని ఒకడు గుడిమీద ఒట్టేశాడట. ఈ సంగతులన్నీ మా ఆయన పైకొచ్చి నాకు చెప్పేవారు, క్రికెట్ స్కోరు చెప్పినట్టు.

"చెప్పడం కాదు, తీసుకురండి," అన్నాను.

"ఎందుకురా, అని నాన్న అడిగితే?"

"మీదేనని చెప్పండి."

పాపం, కాసేపు నిజంగానే ఆలోచించారు. "నాకెందుకుంటుంది అది?"

"పోనీ, నాదని చెప్పండి."

ఆ మాటకి ఆలోచించలేదు. "డాక్టరు దగ్గర ఇంకోటి తెచ్చుకుందాంలే," అన్నారు.

"ఫోను చేశాను. డాక్టరు కూతురింటికి కోయంబత్తూరు పోయిందట. వచ్చేదాకా అట్లాంటిది దొరకదన్నారు."

"అయితే అంతవరకు నీళ్ళు మొయ్యబాక."

"ఎట్లా?"

ఆయన కిటికీలోంచి వీధిలోకి చూశారు. అక్కడ మూటలు దించుకునే కూలీలు, రిక్షాలు, ఆటోలు, వాటి మధ్య ఒక ఆవు. "మంచి సమయం చూసి..." అన్నారు. మిగతాది నేనే పూర్తిచేసుకున్నాను.

రింగు లేని రోజులు వేరు. మెట్టు మెట్టుకీ లోపలున్నది జారి, తొడల మధ్య నిలబడేది. బిందె దించి, గోడవైపు తిరిగి, చీరమీదుగానే చేత్తో పైకి నొక్కుకుని, మళ్ళీ బిందె ఎత్తేదాన్ని. నడుం చుట్టూ ఎవరో తాడు కట్టి కిందికి లాగుతున్నట్టుండేది. పడుకుంటే తగ్గుతుంది. కానీ కోడలు పట్టపగలు పడుకోవాలంటే బిడ్డకు పాలివ్వడమొక్కటే దారి. అందుకని ప్రియ ఆకలేసినా తాగింది, వెయ్యకపోయినా తాగింది. ఆ నెల అది పెరిగిన బరువు చూసి వీధంతా దిష్టి తియ్యమంది. పడుకుని నేను పైకప్పు దూలాలకేసి చూసేదాన్ని. కింద, సరిగ్గా నా వీపు కింద, రెండంతస్తుల దిగువన, నా రింగు మేకుకి వేలాడుతూ ఉండేది. ఎప్పుడు లారీ కేక వినపడుతుందోనని చెవులు వీధిలో పెట్టుకుని పడుకునేదాన్ని.

ఆ నెలాఖరున ఒకరోజు భోజనాల దగ్గర మామగారు ఉత్సాహంగా ఉన్నారు.

"ఎన్నూరు నుంచి బాలసుందరం వచ్చి ఉండాడు, పంపు మెకానిక్కు. వాడు చూడని పంపు లేదు. భోంచేసి పోయి దాన్ని కోసి చూస్తాం, లోపల స్ప్రింగు ఏమైనా పెట్టినారేమో. సంగతి తెలిస్తే అంబత్తూరులో అచ్చు తీపించి, మనమే వెయ్యొచ్చు."

నేను మా ఆయనకేసి చూశాను. ఆయన విస్తరి మడిచి లేచారు.

మామగారు దిగిన కాసేపటికి నేను ప్రియని కోకిలక్క ఒళ్ళో పెట్టి మెట్లు దిగాను. తలుపు వెనక నిలబడి గొలుసు ఒకసారి ఆడించాను.

"కాఫీ ఇప్పుడేందమ్మా, తర్వాత," అని మామగారి గొంతు.

రెండుసార్లు ఆడించాను.

"ఇప్పుడే గదా తినింది."

మూడుసార్లు ఆడించాను. దానికి మా ఇంట్లో అర్థం లేదు గనక ఎవరూ జవాబు చెప్పలేదు. తలుపు తోసుకుని లోపలికి పోయాను.

మామగారు గద్దెమీద చెక్కపలక పెట్టుకుని, దానిమీద రింగుని బొటనవేలితో అదిమి పట్టి ఉన్నారు. రెండో చేతిలో మేము పొరలు కోసే బ్లేడు. బాలసుందరం తల వంచి చూస్తున్నాడు. మా ఆయన త్రాసు దగ్గర నిలబడి, ఖాళీ తట్టని తూస్తున్నారు.

"మామా, కొయ్యబాకండి."

ఆయన నన్ను చూసి, నా వెనక తలుపు చూసి, మళ్ళీ నన్ను చూశారు. "ఏమ్మా?"

"అది సరుకు కాదు. నాది."

"నీదా? దేనికి వేసేది?"

"నాకే. కాన్పు తర్వాత గర్భసంచి కిందికి దిగింది మామా. ఇది లోపల ఉండి పట్టుకుంటుంది. డాక్టరమ్మ వేసింది."

పైకప్పు కూలుతుందనుకున్నాను. ఫ్యాను తిరిగింది, అంతే. బాలసుందరం వీధిలో చూడాల్సినదేదో చాలా ఉన్నట్టు గుమ్మం దాకా పోయి నిలబడ్డాడు. మామగారు నావైపు చూడలేదు. రింగువైపే చూస్తూ బ్లేడు పక్కన పెట్టారు. పలకమీద నుంచి వేలు తీశారు. కోలగా అయినది మళ్ళీ గుండ్రంగా అయింది.

తర్వాత తనకు చేతనైన ప్రశ్న అడిగారు. "ఎన్నాళ్ళు వస్తుంది ఇది?"

"మూణ్ణెల్లకోసారి చూపించుకోవాల. అవసరమైతే మారుస్తారు."

"నూనె తగలనీయబాక. రబ్బరయితే ఉబ్బుతుంది."

"సరి మామా."

"దీంతో బరువు మొయ్యచ్చా?"

"మొయ్యకూడదు."

"మరి ఇన్నినాళ్ళు?"

నేను త్రాసువైపు చూశాను. మామగారు కూడా అటు తిరిగారు. "నీకు తెలుసునా?"

"మంచి సమయం చూసి చెప్దామని..." అన్నారు మా ఆయన.

మామగారు పాత పేపరు చింపి, రింగుని పొట్లం కట్టి, పురికొస చుట్టి, గద్దె అంచున పెట్టారు. చేతికివ్వలేదు. నేను తీసుకున్నాను. తలుపు దాటుతుంటే వెనక నుంచి వినపడింది. "రేపట్నుంచి నీళ్ళు నువ్వూ మీ అన్నా మొయ్యాల. సమయం చూడబాక. లారీ రాంగానే పో."

మర్నాడు అన్నదమ్ములిద్దరూ బిందెలతో వీధిలోకి దిగితే ఎదురింటివాళ్ళు నిజంగానే వచ్చి, ఎవరికేమైందని పరామర్శ చేశారు. కోకిలక్క కిటికీలో కూర్చుని ఆ దృశ్యం కళ్ళారా చూసింది. "మీ డాక్టరమ్మ దగ్గర నాకు గూడా ఒక రింగు చెప్పు వాసంతీ," అంది. "లోపల వేసుకోకపోయినా పరవాలేదు, మెళ్ళో వేలాడేసుకుంటా."

అత్తగారు మాత్రం రింగుల పొర కోస్తూ రోజుల తరబడి తల ఎత్తలేదు. ఒక మధ్యాహ్నం బ్లేడు ఆపింది.

"మగవాళ్ళ మధ్యన నిలబడి చెప్పినావంట."

"ఆమా అత్తా."

"నాకు చెప్పలా."

"చెప్పి ఉంటే ఏమనేవాళ్ళు?"

ఆమె నిజాయితీగా ఆలోచించింది. "నీళ్ళు మొయ్యమనేదాన్ని," అని, మళ్ళీ కొయ్యడం మొదలుపెట్టింది.

అన్నదమ్ములు ముట్టకూడని నీళ్ళు ఇంట్లో ఒకే ఒక బిందెడున్నాయి. దేవుడికి. పెరటి బావిలో అడుగున మిగిలిన నీళ్ళు తోడి, ఇత్తడి బిందెలో, స్నానం చేసిన ఆడమనిషి తడిచీరతో పైకి తేవాలి. దారిలో ఎవరినీ తగలకూడదు. అంగట్లో వందమందిని ముట్టుకున్న మగవాళ్ళ చేతులు అసలే కూడదు. అది కోకిలక్క పని. ఆ వారం ఆమె బయట ఉంది. నేను బరువు ఎత్తకూడదు. అందుకని అత్తగారే తెచ్చేది.

ప్రియ గుడ్డలు పెరట్లో ఆరెయ్యడానికి పట్టుకుని నేను మెట్లు దిగుతున్నాను. మొదటి అంతస్తు మలుపులో అత్తగారు నిలబడి ఉంది. బిందె మెట్టుమీద దించి ఉంది. నన్ను చూడలేదు. గోడవైపు తిరిగింది. మోకాళ్ళు కాస్త వంచి, తడిచీరమీదుగా చేత్తో నొక్కి, పైకి నెట్టుకుని, ఊపిరి వదిలింది.

ఇంకెవరు చూసినా కుచ్చిళ్ళు సర్దుకుంటోందనుకుంటారు.

"ఎప్పట్నుంచి అత్తా?"

ఆమె ఉలిక్కిపడలేదు. చెయ్యి తీసి, కొంగు సరిచేసుకుంది. "ఏంది ఎప్పట్నుంచి?"

నేను అక్కడే నిలబడ్డాను. నాకు పోయే తొందర లేదు.

"చిన్నోడు పుట్టినప్పట్నుంచి," అంది చివరికి. "గుడ్డ మడిచి పెట్టుకుంటా. అలవాటైపోయింది."

చిన్నోడంటే మా ఆయన. ఆయనకప్పుడు ముప్పయ్యో ఏడు.

"నీళ్ళు మోస్తే బిగుసుకుంటుందన్నారు గదా."

"మా అత్త చెప్పింది. నేను నీకు చెప్పినా. అనేది అదే గదా అందరూ."

"ఉండండి, ఆయన్ని పిలుస్తా."

"పిలవబాక. వాడు ముడితే దేవుడికి పనికిరాదు. నువ్వు గూడా ముట్టబాక, బిడ్డ గుడ్డలు పట్టుకోనుండావు." ఆమె వంగి బిందె మెడ పట్టుకుంది. ఎత్తలేదు. పట్టుకుని అలాగే ఉండిపోయింది. పైన దీపం పెట్టాలి. కింద బావిలో ఇంకో బిందెడు నీళ్ళు లేవు. ఆ మెట్లు ఇద్దరు ఆడవాళ్ళు పక్కపక్కన నిలబడేంత వెడల్పు లేవు. ఆమె పైకెక్కితే తప్ప నేను దిగలేను. బిందె ఎత్తితే తప్ప ఆమె ఎక్కడానికి లేదు.

బిడ్డ గుడ్డలు మెట్టుమీద పెట్టాను. వంగి, బిందెలో దోసిలి ముంచి, నీళ్ళు తాగాను. ఇంకోసారి ముంచి మళ్ళీ తాగాను, చాలకపోయిందేమోనని.

"ఇంక ఇవి ఎంగిలి," అన్నాను. "దేవుడికి పనికిరావు. ఎవరైనా మొయ్యచ్చు."

అత్తగారు నన్ను చూసింది. తడిచీర అంచునుంచి నీళ్ళు మెట్టుమీదికి కారుతున్నాయి. ఏదో అంటుందని, కనీసం చెయ్యెత్తుతుందని నేను గోడకు ఆనుకున్నాను. ఆమె బిందె మెడ వదిలింది. మెల్లగా, ఒక చేత్తో గోడ పట్టుకుని, మెట్టుమీద కూర్చుంది. మోకాళ్ళు దగ్గరికి తీసుకుంది. తర్వాత తనూ బిందెలో చెయ్యి ముంచి, ఒక గుక్క తాగి, ముఖం చిట్లించింది.

"ఉప్పు," అంది. "ఇన్నినాళ్ళు ఇవేనా ఆ దేవుడికి పోసింది."

మెట్ల కిందివైపు తిరిగి, అంగట్లోకి, వీధిలోకి కూడా వినపడేట్టు పిలిచింది.

"ఒరే వెంకట్రామా, ఈడికి రా. బిందె ఉండాది."